మూతబడ్డ కార్ఖానాలో బొచ్చు మైకు

సిరిసిల్ల పొలిమేరలో మూతబడ్డ సాంచాల కార్ఖానా ఒకటుంది. సాంచాలంటే మరమగ్గాలు; అవన్నీ తుక్కు కింద పోయాయి, చెడ్డపేరు మాత్రం పోలేదు. పొద్దుగూకాక లోపలినుంచి ఎవరో గుసగుసగా పిలుస్తారట... తిరిగి చూస్తే ఎవరూ ఉండరట. నేను దెయ్యాలను నమ్మను. అట్లని ఆ దారిన పోనూ పోను.

మా ఊరి లావణ్య మాత్రం లోపలికే పోయింది. ఆమె చెప్పిందే చెబుతున్నాను.

ఆమె తండ్రి ఏసయ్య అక్కడే సాంచా బాగుచేస్తూ కరెంటు కొట్టి చనిపోయాడు. తాగి చేయి పెట్టాడని ఊరంతా అన్నారు. బతికుండగా చుక్క ముట్టని మనిషికి చచ్చాక తాగుబోతు పేరు! ఆ మాట లావణ్యను చిన్నప్పటినుంచి తింటూనే ఉంది. తండ్రి పక్కన పనిచేసిన ప్రకాశ్ చేత నిజం చెప్పించి, వీడియో తీసి, వర్ధంతి ప్రార్థనలో అందరికీ చూపించాలనుకుంది. తండ్రి పోయాక ఆమెను చదివించింది కూడా ఆ ప్రకాశే.

మొదట ఆయన ఇంట్లో తీస్తే, కెమెరాలోని మైకుకు ఫ్యాను మోత తప్ప ఏమీ దొరకలేదు. చొక్కాకు పెట్టే మైకు తెస్తే ఆయన దూరం జరిగాడు. ఏసయ్య పోయిననాటినుంచి ఒంటికి వైరు తగలనివ్వడు. చివరికి కోరుట్లలో పెళ్లి వీడియోలు తీసే రిత్విక్‌ను అడిగింది.

"కెమెరా మీద పెట్టే బొచ్చు మైకు తీస్కో అక్కా. ముందరి మాటనే ఎక్కువ పట్టుకుంటది. దగ్గర పెట్టు, దూరముంటే ఎంత మంచి మైకైనా దండుగే."

ఎందుకో, ప్రకాశ్ కార్ఖానాలోనే మాట్లాడతానన్నాడు. ఆయన పని దిగి వచ్చేసరికి చీకటి పడింది. లావణ్య బ్యాటరీ లైటు వెలిగించి, బొచ్చు మైకు తగిలించిన కెమెరాను ఆయనకు దగ్గరగా పెట్టింది.

"ఆ రోజు మా నాయిన తాగిండా, కాకా?"

ప్రకాశ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడే — లైటు ఆరిపోయింది. ఇంకో బ్యాటరీ స్కూటీ డిక్కీలో ఉంది. లావణ్య ఫోను వెలుతురులో బయటికి నడిచింది. కెమెరా ఆపడం మరిచిపోయింది.

తిరిగొచ్చేసరికి ఆయన కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు.

"నాతోని కాదు బిడ్డా... పోదాం పా."

ఇంటికొచ్చి, ఏడుపు దిగమింగుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. నల్లటి తెర. తన అడుగులు దూరమయ్యాయి. తర్వాత — టక్... టక్... మైకును ఎవరో తట్టారు. ఊపిరి వినిపించింది. ఆపైన, సరిగ్గా చెవిలో —

"ఏసన్న తాగలే..."

లావణ్య హెడ్‌ఫోన్స్ పీకి పారేసింది. ఊరు చెప్పే ఆ గుసగుస ఇదేనా? నిజంగానే ఎవరైనా ఉన్నారా అక్కడ? భయంతోనే మళ్లీ పెట్టుకుంది.

"...సాంచా రిపేరు చేస్తుండని నాకు యాదికి లేకుండె. మెయిన్ స్విచ్చి నేనే ఏసిన. నన్ను... మన్నించు బిడ్డా."

సాంచాల మోతలో మాట వినపడదు. అందుకే సాంచాల పనివాళ్లు భుజం తట్టి, చెవికి నోరు ఆనించి చెప్పుకుంటారు. లావణ్య మొహం చూసి చెప్పలేని మాటను ప్రకాశ్ ఆ చీకట్లో మైకును తట్టి, దాని చెవిలో చెప్పాడు.

"మరి ప్రార్థనలో చూపించినవా?" అని అడిగాను.

లావణ్య తల అడ్డంగా ఊపింది. కళ్లనిండా నీళ్లు.

"ఆ గొంతు దెయ్యందే అయితే మంచిగుండేది," అంది. "ఊరందరికీ ఇనిపిస్తుంటి."