పులివాగు వంతెన

ఏడుపడగల దుర్గంలో ఉత్తరపు బురుజెక్కి చూసినవాడికి ఆ కాలంలో రెండు లోకాలు ఒక్కసారే కనిపించేవి. కోటగోడ మొదట్లోనే ఎనిమిది నిలువుల లోతున కొండను చీల్చుకుని పారే పులివాగు ఒకటి. వాగుకు ఆవల, ఇరవయ్యేళ్ళ కిందట తుమ్మలూ తోడేళ్ళూ తప్ప మరేమీ ఎరుగని దిగువసీమ మరొకటి. ఔబళభూపతి తండ్రిగారు అక్కడ చెరువులు తవ్వించారు. చెరువుల వెంట రైతులు వచ్చారు, రైతుల వెంట సాలెలూ తెలికలూ వచ్చారు, చూస్తూ ఉండగానే నలభై ఊళ్ళు వెలిశాయి. గాలి ఇటు తిరిగిన రోజున అక్కడి మగ్గాల చప్పుడు బురుజు మీది కావలివాళ్ళకు వినిపించేది.

ఇంత ఎదిగిన సీమకు దారి మాత్రం లేదు. రేవుకు పోయే రాజమార్గం కోటకు దక్షిణాన ఉంది, సీమ ఉత్తరాన ఉంది, నడుమ పులివాగు. వాగు మీద మోకులతో వేలాడే వెదురువంతెన ఒకటుండేది గాని, దాని మీద మనిషి నడవడమే గగనం, బండి మాట దేవుడెరుగు. బట్టల బండ్లు కొండ చుట్టూ తిరిగి తొమ్మిది రోజులకు రాజమార్గం చేరేవి. వానలు పడితే అదీ లేదు. నేసిన బట్ట ఇళ్ళలోనే ముక్కిపోయేది, ఉప్పు అందక సీమ సీమంతా చప్పిడికూడు తినేది.

ఒక చైత్రమాసాన నలభై ఊళ్ళ పెద్దలూ కొలువుకు వచ్చి మొరపెట్టుకున్నారు. వాగు మీద రాతివంతెన కట్టి, సీమను రాజమార్గంతో కలిపే బండ్లదారి వేయించమన్నారు. మహామంత్రి దేచయామాత్యుడు వారి పక్షాన లేచి అరఘడియసేపు మాట్లాడాడు. మాటనేర్పులో ఆయనకు ఆయనే సాటి. ఆయన కూర్చునేసరికి కొత్తదారి మీద బండ్లు అప్పుడే నడుస్తున్నట్టు సభికులకు అనిపించింది.

దండనాయకుడు రేచపనాయకుడు ఆ తరువాత లేచాడు. అరవై దాటిన మనిషి, మీసం తెల్లబడింది గాని నడుము వంగలేదు. ఔబళభూపతి చిన్ననాడు ఆయన భుజాల మీదెక్కి ఏనుగుల్ని చూసేవాడు, మామా అని పిలిచేవాడు. పట్టాభిషేకమయ్యాక ఆ పిలుపు ప్రభువులకు తగదని మంత్రి చెప్పినందువల్ల దండనాయకా అనడం నేర్చుకున్నాడు. రేచపనాయకుడికి అది లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

"ప్రభూ, దారి వద్దని నేననను. నలభై ఊళ్ళ ఉసురు మనకెందుకు? అయితే వంతెనకు స్తంభాలు రాతివి వేద్దాం, పైన మాత్రం మద్దిపలకలు పరుద్దాం. బండ్లు పోతాయి. సీమకు ఆవలి మేడికొండవాడు దండెత్తి వచ్చిన నాడు పలకలు లాగేస్తే గడియలో వాగు మళ్ళీ వాగవుతుంది. మూడు తరాలుగా ఈ కోటను కాచింది గోడలు కావు, ఆ వాగు. మా తండ్రిగారు వెదురువంతెన మోకులు నరికి, తాను ఆవలి ఒడ్డునే శత్రువుల మధ్య మిగిలిపోయారు. ఆ మోకుల విలువ నాకు తెలుసు గనుక మనవి చేస్తున్నాను."

దేచయామాత్యుడు చేతులు జోడించాడు. "నాయకులవారి మాట బాగుంది. ఒక్కటే సందేహం, ప్రభూ. ఆ పలకలు లాగే చెయ్యి ఎవరిది? సేన వారి చేతిలో ఉంది. కోటకు దారి కూడా వారి చేతిలోనే ఉంటే, దేవరవారు లోపల ఏలుతున్నట్టా, బందీగా ఉన్నట్టా? నేను అడగడం లేదు. రేపు నలుగురూ అడుగుతారని చెబుతున్నాను."

ఇరవయ్యేళ్ళ రాజు ముఖం మీద నీడ పడింది. రేచపనాయకుడు ఆ నీడను చూశాడు. నలభయ్యేళ్ళ కొలువు ఒక్క మాటతో నీరుగారిపోయిందని ఆయనకు అర్థమైంది. యుద్ధంలో అయితే కత్తికి కత్తి ఉంది. అనుమానానికి ఏముంది?

"పైన కూడా రాయే పరవాలి," అన్నాడు రాజు. "సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలి. దండనాయకా, మీరే కట్టించండి."

ఏడుపడగల రాజ్యంలో ఒక ఆచారముంది. వంతెన కట్టించినవాడు ఆలితో సహా దాని కింద నిలబడాలి. పైన బరువులెత్తిన ఏడు ఏనుగులు నడవాలి. ఏ రాజు పెట్టిన కట్టడో గాని, ఆ రాజ్యంలో కూలిన వంతెన లేదు.

రేచపనాయకుడు దారి కొలవడానికి దిగువసీమలో దిగాడు. అక్కడాయనకు యుద్ధం కంటే పెద్ద తంటా ఎదురైంది. దారి కావాలని కొలువులో కన్నీళ్ళు పెట్టుకున్న పెద్దలే, కొలతతాడు తమ పొలం మీదికి వచ్చేసరికి పక్క ఊరి పొలం చూపించారు. మా ఊరి ముందునుంచి పోవాలి గాని మా చేనులోంచి పోకూడదన్నారు అందరూ. ఒకడు రాత్రికి రాత్రి గట్టు మీద నాగరాయి ప్రతిష్ఠించి, దేవుణ్ణి కదిలిస్తారా అని అడ్డం పడుకున్నాడు. నాయకుడు నవ్వి, ఆ రాయికి టెంకాయ కొట్టి, తాడు రెండు బారలు పక్కకు జరిపించాడు. రెండు నెలలు ఎండలో నడిచి, మిట్ట చోట తవ్వించి, పల్లపు చోట మట్టి పోయించి, ఎద్దు మెడకు నొప్పి తెలియనంత వాటంగా దారిని వాగు ఒడ్డుకు తెచ్చాడు.

వంతెన పని, రాతిపని చేసే కాసెవాళ్ళ పెద్ద ముద్దోజు చేతిలో పడింది. గానుగసున్నంలో బెల్లపునీళ్ళూ కరక్కాయ నానిన నీళ్ళూ కలిపి, బండకూ బండకూ నడుమ ఇనుపబందులు దించి, వాటి మీద సీసం కరిగించి పోసేవాడు. స్తంభాలు పైకి వచ్చిన రోజున అతను నాయకుణ్ణి పక్కకు పిలిచాడు.

"దొరా, ఒక మాట. మూడో స్తంభం మీది బండకు సీసం పోయకుండా వదిలేస్తాను. బందులకు బదులు మద్దిచీలలు పెడతాను. ఏనుగులు నడిచినా అదరదు. అవసరమొచ్చిన నాడు ఆ చీలలు కొట్టేస్తే బండ ఒక్కపెట్టున వాగులో పడుతుంది. మనిద్దరికి తప్ప పిట్టకు కూడా తెలియదు."

రేచపనాయకుడు వాగులోకి చూశాడు. ముద్దోజు చెప్పింది నిజమని ఆయనకు తెలుసు. అదే కావాలని మనసు పీకుతోంది కూడా. కానీ మంత్రి సభలో అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది: ఆ చెయ్యి ఎవరిది?

"నన్ను ద్రోహి అనబోతున్నారు, ముద్దోజూ. నువ్వు చెప్పినట్టు చేస్తే ఆ మాట నిజం చేసినవాణ్ణవుతాను. రాజుకు తెలియని చీల ఒక్కటి కూడా ఈ కట్టడంలో ఉండకూడదు. మిగతా వాటికి ఎంత పోశావో దానికీ అంతే పొయ్యి. కాదు, ఇంకో పాలు ఎక్కువ పొయ్యి."

"మీ చిత్తం," అన్నాడు ముద్దోజు. అతనికి నచ్చలేదు. అయినా చేతిపనికి వంక పెట్టించుకునే మనిషి కాదు గనుక, మూడో స్తంభానికి రెండు పాళ్ళు ఎక్కువే పోశాడు.

మరుసటేడు విజయదశమినాడు పరీక్ష పెట్టారు. కోటవైపు ఒడ్డున మెట్లు దిగితే, మొదటి స్తంభం పక్కన వాగునీటికి పైగా ఒక రాతి అరుగు ఉంది. రేచపనాయకుడు, భార్య మాచాంబ ఆ అరుగు మీద నిలబడ్డారు. ఒడ్డున సీమంతా చేరింది. మాచాంబ తన పైటకొంగు రెండు చేతులతో పరిచి పట్టుకుంది.

"ఏమిటది?" అన్నాడాయన.

"మీ పనితనం చూద్దామని. చిటికెడు సున్నం రాలినా మూటగట్టి దాచిపెట్టి, బతికినన్నాళ్ళూ మీకు చూపిస్తాను."

పైన ఏడు ఏనుగులూ నడిచాయి. ఆమె కొంగులో ఏమీ పడలేదు. రాజు మెట్లు దిగి వచ్చి, అందరూ చూస్తుండగా దండనాయకుణ్ణి కౌగిలించుకున్నాడు. ఆచంద్రార్కం నిలుచునని చెక్కిన శాసనరాయి మీద ఆయన పేరు వేయించాడు. ఆ సాయంత్రం ముసలాయన ఇంటికి వెళ్ళి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

నిజం చెప్పాలి, ఆ దారి మంచి దారి. తొమ్మిది రోజుల ప్రయాణం రెండు రోజులైంది. ఉప్పుబండ్లు ఇటు, బట్టలబండ్లు అటు తెల్లవార్లూ నడిచేవి. సీమ ఆడపడుచులు పుట్టింటికి వచ్చి పొద్దు వాలకముందే తిరిగి వెళ్ళేవాళ్ళు. అవసరం లేదని వెదురువంతెనను విప్పేశారు. రెండేళ్ళు రాజ్యం చల్లగా ఉంది, రేచపనాయకుడు కూడా తన భయం వట్టిదేనని నమ్మడం మొదలుపెట్టాడు.

మూడో ఏడు శ్రావణంలో, దేచయామాత్యుడు కుటుంబంతో సహా తీర్థయాత్రకని ఆ వంతెన మీదుగానే ఉత్తరానికి వెళ్ళిన ఎనిమిదో నాడు, దిగువసీమ చివర పొగలు లేచాయి. మేడికొండ సేన వస్తోంది. వానల్లో దండు కదిలించినవాణ్ణి ఇంతవరకు ఎవరూ ఎరుగరు. ఎందుకు కదిలించడు? బురద అంటని దారి ఉంది, వాగు పైన వంతెన ఉంది, ఏనుగుల్ని మోస్తుందని శాసనమే ఉంది.

రాజు కబురంపాడు. రేచపనాయకుడు వెళ్ళేసరికి మంత్రి ఖాళీ ఆసనం పక్కన ఔబళభూపతి ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"మామా," అన్నాడు. ఎనిమిదేళ్ళకు ఆ పిలుపు. "ఆనాడు పలకలు పరుద్దామన్నారు. నేను మీ చేతిని అనుమానించాను. ఇప్పుడా చేతితోనే దాన్ని పడగొట్టండి. నాకు వేరే ఎవరూ లేరు."

ఆ మాట కోసం ఆయన ఎన్నేళ్ళు ఎదురుచూశాడో. వచ్చింది. వచ్చి ఏం లాభం? ఆయన నమస్కరించి బయటికి నడిచాడు.

ఒక పగలంతా వంతెన మీద చెయ్యి వేయడానికే వీల్లేకపోయింది. నలభై ఊళ్ళ జనం పసిబిడ్డల్నీ ముసలివాళ్ళనీ బండ్లకెత్తుకుని కోటలోకి వస్తున్నారు. వాళ్ళను ఆవల వదిలి దారి తెగ్గొట్టడం ఆయన వల్ల కాలేదు. చివరి బండి దాటేసరికి దీపాల వేళయింది. అప్పుడు ముద్దోజు నలభైమంది కాసెవాళ్ళతో సమ్మెటలూ గునపాలూ పట్టుకుని దిగాడు.

సమ్మెట పడిన చోట నిప్పురవ్వలు లేచాయి గాని పెచ్చు లేవలేదు. గునపం మొనలు వంగిపోయాయి. బండను కట్టెలతో కాల్చి నీళ్ళు చల్లితే పగులుతుంది. కట్టె అంటుకుంటే కదా, ఆకాశం చిల్లుపడినట్టు వాన. ఏనుగులకు గొలుసులు కట్టి లాగించారు. గొలుసు తెగి ఒక మావటివాడి కాలు విరిగింది. తెల్లవారి, మధ్యాహ్నమైంది. ముద్దోజు మూడో స్తంభం దగ్గర కూలబడి, రక్తాలు కారుతున్న అరచేతులు చూసుకున్నాడు.

"నా వల్ల కాదు దొరా. ఇది నేను కట్టింది కాకపోతే ఏనాడో పగలగొట్టేవాణ్ణి."

రేచపనాయకుడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పు నీది కాదు. నీవాళ్ళను తీసుకుని లోపలికి పో. మాచాంబ కోటలోనే ఉంది. నేను బాగానే ఉన్నానని చెప్పు."

మిగతా సేనను కోటగోడల మీద నిలిపి, శత్రువు ఆవలి ఒడ్డు చేరేవేళకు అరవైమందితో ఆయన వంతెన ఇవతలి కొసను అడ్డగించి నిలబడ్డాడు. బల్లేల గోడ కట్టి శత్రువు ముందుదళాన్ని రెండు గడియలు కదలనివ్వలేదు. ముగ్గురు నాయకుల్ని తన చేత్తో పడగొట్టాడు. చూసిన శత్రువులే ఆ తరువాత ఆ పోరు గురించి మెచ్చుకుని చెప్పుకున్నారు. కానీ అరవైమంది అరవైమందే. ఒక్కొక్కరే నేలకొరిగారు. పక్కలో బల్లెం దిగిన రేచపనాయకుడు వంతెన అంచునుంచి జారి, మెట్ల మీదుగా దొర్లి, మొదటి స్తంభం పక్కనున్న ఆ రాతి అరుగు మీద పడ్డాడు.

కింద వాగు పొంగి అరుగంచును తాకుతోంది. ఆయన స్తంభాన్ని పట్టుకుని లేచి నిలబడ్డాడు. తలెత్తి చూస్తే వంతెన అంచు మీదుగా ఒక వెల్లగొడుగు పోవడం కనిపించింది. దాని కింద దేచయామాత్యుడు శత్రురాజు పక్కన అంబారీలో కూర్చుని ఉన్నాడు. ఆయనకు కోపం కూడా రాలేదు. ఆ వెనుక ఏనుగులు రావడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. లెక్క తనంతట తానే నడిచింది. నాలుగు, ఐదు. పైన కోట తలుపుల మీద మొదటి దెబ్బ పడిన చప్పుడు కొండంతా పాకింది. ఆ తలుపుల వెనుక నలభై ఊళ్ళ జనం ఉన్నారు, మామా అని పిలిచిన కుర్రవాడున్నాడు, మాచాంబ ఉంది.

ఆరు, ఏడు.

రేచపనాయకుడు నెత్తురు ఓడుతున్న చేతులతో తన ఉత్తరీయం విప్పి, ఆనాడు మాచాంబ పట్టినట్టే రెండు కొసలూ పట్టుకుని మూడో స్తంభం వైపు చాచాడు. చిటికెడు రాలితే చాలు. ఒక్క చిటికెడు రాలితే, తరువాతి ఏనుగుకు పిడికెడు, ఆ తరువాతి దానికి బండ కదలవచ్చు. ఎనిమిది, తొమ్మిది, పది. ఆయన వాన కడుగుతున్న ఆ తెల్లని గుడ్డలోకి రెప్పవాల్చకుండా చూశాడు. ఇరవై దాటాక లెక్క తప్పింది. గుడ్డలో వాననీళ్ళు తప్ప ఏమీ పడలేదు.