పైకి చదవని పేజీ

రాత్రంతా బిలాస్‌పూర్ రోడ్డు మీద సాగిన లారీల మోత సద్దుమణిగే వేళకు, హిందీ మాట్లాడే ఊరి శివారు మోవాలోని ఆ ఇంట్లో నవలా రచయిత్రి ఊర్మిళ స్నానం ముగించి, జుట్టు ముడివేసుకుని, భోజనాల బల్ల ముందు కూర్చునేది. నెలకొకసారి హైదరాబాదులోని ఒక కథల వెబ్‌సైటువారు ఆమెకు పాఠకుల ప్రశ్నలు పంపేవారు. నవల ఎలా రాయాలి, ఎవరికి పంపాలి, ఎప్పుడు అచ్చవుతుంది, ఇలాంటివి. ఊర్మిళ జవాబులను ఫోనులో పలికి పంపితే, అక్కడి సంపాదకుడు శివాజీ వాటిని టైపు చేయించి ప్రచురించేవాడు. కనుక ఆమె జవాబులు లోకం కంటే ముందు ఇంట్లోవాళ్ళ చెవిన పడేవి. వాళ్ళు వింటున్నారన్న ఆలోచన మాత్రం ఆమెకు ఎన్నడూ రాలేదు.

ఆ ఉదయం బల్లకు ఒక చివర ఆమె భర్త మోహనకృష్ణ లాల్ భాజీ అనే ఎర్ర తోటకూర ఆకులు తుంచుతున్నాడు. గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరైన మనిషి. మధ్యలో కూతురు ఫణిశ్రీ బడికి వెళ్ళే తొందరలో అటుకుల పోహా తింటోంది. పండరీ దగ్గర ఒక బడిలో ఆమె హిందీ టీచరు.

"మొదటి ప్రశ్న. నవల రాసే మూడ్ రావాలంటే ఏం చేయాలి?" ఊర్మిళ ఫోను దగ్గరగా పెట్టుకుని చదివింది. "జవాబు. కూర్చోవాలి. మూడ్ వచ్చాక అన్నం వండే ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. రెండో ప్రశ్న. ప్రచురణకర్తలు నా నవలను మాటిమాటికీ తిప్పి పంపుతున్నారు. దాన్ని నిర్ణయించే అర్హత వాళ్ళకుందా? జవాబు. లేకపోవచ్చు. అయితే ఆ నవలను మీరు ఎన్నిసార్లు తిరగరాశారో చెప్పలేదు. అది చెప్పి, అప్పుడు వాళ్ళ అర్హత అడగండి."

"బాప్‌రే!" అన్నాడు మోహనకృష్ణ. "పాపం ఆ కుర్రాడికి ఈ వారం అన్నం సయించదు."

"కుర్రాడని ఎవరన్నారు? రిటైరైన తహసీల్దారు."

"అయితే మరీ పాపం."

ఊర్మిళ నవ్వలేదు. మూడో ప్రశ్న భిలాయి నుంచి వచ్చింది. 'మా తాతల కాలంలో పనికోసం ఇటు వచ్చేశాం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. మా పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మీ నవలలు హిందీలో ఎప్పుడు వస్తాయి?'

"జవాబు. రావు," అంది ఊర్మిళ. "అడిగినవారు లేక కాదు, నేను ఒప్పుకోక. తల్లి భాష మాట్లాడుతూ దాని అక్షరాలు నేర్చుకునే శ్రమ పడనివాళ్ళ కోసం నేను రాయలేదు. నన్ను చదవాలనుకునేవారు అక్షరాలు నేర్చుకుని నా గుమ్మంలోకి రావాలి. నేను వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళను."

ఫణిశ్రీ చెంచా పళ్ళెంలో పెట్టేసింది.

"అమ్మా, ఆ ఆఖరిది పంపకు."

"ఏం? తప్పుందా?"

"తప్పుందో లేదో నాకు తెలీదు. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను."

ఆ మాట నిజం. చిన్నప్పుడు ఊర్మిళ కూతురికి తెలుగు నేర్పడానికి కూర్చుంది. ఒక్క ఒత్తు తప్పితే పలకంతా తుడిపించి మళ్ళీ రాయించేది. కొన్నాళ్ళకు పిల్ల పలకను బియ్యం డబ్బా వెనక దాచేసింది. ఆ తర్వాత ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

"నేను నేర్పలేదని కదా అంటావు?"

"కాదమ్మా. వేరే చెప్పాలి." ఫణిశ్రీ ఒకసారి తండ్రి వైపు చూసింది. ఆయన ఆకుల మీది నుంచి తల ఎత్తలేదు. "నీ కామాక్షి నవల హిందీలో అయిపోయింది. నేనే చేశాను. భోపాల్‌లో ఒక పబ్లిషరు వేస్తామన్నారు. నీ సంతకం ఒక్కటే బాకీ. రేపో మాపో అడుగుదామనుకున్నాను. ఈలోగా నువ్వు ఆ జవాబు చెప్పేశావు."

వీధిలో కూరల బండివాడి కేక వినిపించి దూరమైంది.

"నీకు తెలుగు చదవడం రాదు," అంది ఊర్మిళ. ఆ గొంతులో నింద లేదు. సాక్షిని నిలదీస్తున్న వకీలు నిదానం ఉంది.

"వినడం వచ్చు."

"ఎవరు వినిపించారు?"

బల్ల చివర ఆకులు తుంచే చప్పుడు ఆగిపోయింది.

"మీరా?" అంది ఊర్మిళ. "సాయంత్రాలు తెలీబంధా చెరువు గట్టున నడక అన్నారు."

"నడిచాం కూడాను. కాస్త."

"ఇంత నడిచినా షుగరు తగ్గదేమిటా అనుకున్నాను. నా పుస్తకం అట్ట ఎన్నడూ తిప్పి చూడని మనిషి, నా నవలను చెరువు గట్టున కూర్చుని పైకి చదివాడు! గూడ్సు బండి నడిచినట్టు చదివి ఉంటారు."

"అవును. లూపు లైన్లో ఆగి ఆగి," అన్నాడాయన. "నాకొచ్చిన సదువు అదే కదా."

"నవ్వులాట కాదు. రాసినదాన్ని నేను బతికుండగా, నన్ను అడక్కుండా!"

"అడిగితే ఒప్పుకునేదానివా?" ఫణిశ్రీ లేచి నిలబడింది. "లోకమంతా నిన్ను ప్రశ్నలు అడుగుతుంది. నువ్వు జవాబు చెప్పవమ్మా, తీర్పు చెబుతావు. ఊళ్ళో టీచర్లంతా 'మీ అమ్మ రైటరట కదా, ఏం రాస్తారు' అని అడుగుతుంటే నేను బొమ్మలా నిలబడేదాన్ని. మా అమ్మ ఏం రాసిందో తెలుసుకోవాలని నాకుండదా?"

ఊర్మిళ ముఖం గట్టిపడింది. ఫోను అందుకుని జవాబులు మూడూ శివాజీకి పంపేసింది. పంపానని ఇద్దరికీ తెలిసేలా ఫోనును బల్ల మీద బోర్లించింది.

"ఆ కాగితాలు ఇచ్చి వెళ్ళు. సాయంత్రానికి చెబుతాను. నా నవలకు హాని జరిగిందనిపిస్తే సంతకం లేదు. కూతురివని మినహాయింపూ లేదు."

"చాలా మెహనత్, చాలా కష్టం ఉందమ్మా అందులో," అంది ఫణిశ్రీ, గొంతు తగ్గించి. "పిల్లల నోటుబుక్కులు దిద్దినట్టు దిద్దకు."

పార్వతీపురం నుంచి కోడలిగా వచ్చి, ఆ ఊరి భాష రాదని నవ్వినవాళ్ళ మీది పంతంతో హిందీలో ఎం.ఏ. చేసిన మనిషి ఊర్మిళ. తప్పులు పట్టుకోవడానికి ఆమె కంటే తగినవారు లేరు. ఎర్ర కలం మూత తీసి, మంచం మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టింది. ప్రతి పేజీలోనూ ఒక తప్పు కోసం ఎదురుచూసింది. ఆ తప్పు రాలేదు. పచ్చిపులుసు పచ్చిపులుసుగానే ఉంది. కామాక్షి పాలవాడితో తగువాడే చోట ఫణిశ్రీ ఛత్తీస్‌గఢీ మాట వాడింది. ఊర్మిళకు తెలియకుండానే నవ్వు వచ్చింది. వెంటనే నడుం నిటారు చేసుకుని, ఎవరైనా చూశారేమోనని తలుపు వైపు చూసింది. మధ్యాహ్నం దాటింది. ఎర్ర కలం మొన ఆరిపోయింది. తను పుట్టించిన మనుషులు పరాయి లిపిలో, తన కూతురి గొంతులో, తడబడకుండా మాట్లాడుతున్నారు. అది ఆమెకు సంతోషమో కోపమో నిర్ణయించుకోలేకపోయింది.

అప్పుడు చివరి అధ్యాయం దగ్గర ఆమె చూపు నిలిచిపోయింది. ఒక పేజీ లేదు. కవితలు రాసుకునే కామాక్షి, ఇంట్లో ఎవరూ వాటిని చదవరని తేల్చుకుని, కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేసే పేజీ. తెలుగు పుస్తకం తీసి సరిపోల్చింది. అనుమానం లేదు. ముందు వాక్యం ఉంది, వెనక వాక్యం ఉంది, నడుమ ఉండవలసిన పేజీ మాయమైంది.

కోపానికి దారి దొరికినందుకు ఆమెకు ఊరట కలిగింది.

సాయంత్రం ఫణిశ్రీ చెప్పులు విప్పీ విప్పకముందే కాగితాలు బల్ల మీద పడ్డాయి.

"నవలకు వెన్నెముక తీసేశావు. పెట్టె మూసే పేజీ ఏది? కష్టంగా ఉందని వదిలేశావా? లేక హిందీవాళ్ళకు నచ్చదని నీ పబ్లిషరు తీసేయమన్నాడా?"

"పెట్టె మూసే పేజీ ఏంటి?" ఫణిశ్రీకి నిజంగానే అర్థం కాలేదు. "కామాక్షి పెట్టె తీసుకుని పుట్టింటికి వెళ్తుంది. పెట్టెలో ఏముందో నాకేం తెలుసు? నాన్న చదివిన ప్రతి మాటా రాశానమ్మా. కసమ్, ఒట్టు."

ఇద్దరూ ఒకేసారి మోహనకృష్ణ వైపు తిరిగారు. ఆయన వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. గ్లాసులు జాగ్రత్తగా దించాడు.

"నానే వదిలేశాను," అన్నాడు. "ఆ పేజీ దగ్గరకొచ్చేసరికి గొంతు పెగల్లేదు. చీకటి పడింది, అక్షరాలు కనబళ్ళేదని సెప్పి తిప్పేశాను."

"గుర్తుంది," అంది ఫణిశ్రీ నెమ్మదిగా. "గట్టు చుట్టూ లైట్లు వెలుగుతున్నాయి. అయినా చీకటన్నావు."

ఊర్మిళ కళ్ళు చిన్నవయ్యాయి. "అంటే, తిప్పకముందే ఆ పేజీలో ఏముందో మీకు తెలుసు."

"అచ్చయిన నెల్లోనే సదివాను. నీవన్నీ సదివాను. బండి చివర గార్డు కూర్చునే బ్రేక్ వ్యానులో. సిగ్నలు ఇవ్వక బండి ఎక్కడో అడివిలో నిలబడిపోతే మరేటి పని? చేతిలాంతరు పెట్టుకుని సదివేవాణ్ణి. అట్టకి పేపరు చుట్టి."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కొంచెం నవ్వాడు.

"సెప్పాను కదా. మొదటి కథ అచ్చయినప్పుడు బాగుందన్నాను. 'ఏది బాగుంది, ఎందుకు బాగుంది' అనడిగావు. నాకు సెప్పడం రాలేదు. 'అయితే చదవలేదన్నమాట' అన్నావు. బస్, అంతే. అప్పట్నుంచి సదివి ఊరుకున్నాను. పరీక్షలో తప్పినవాడు మళ్ళీ బెంచీ ఎక్కుతాడా, ఊర్మిళా?"

ఊర్మిళ కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఆమెకు గుర్తుంది. తను వేసిన ప్రశ్న ఉన్నదున్నట్టు గుర్తుంది. ఆయన ముఖం మాత్రం ఎంత వెతికినా జ్ఞాపకానికి రాలేదు. చూడలేదు గనుక. తనకు ఇంట్లో పాఠకుడు లేడని ఆ తర్వాత ఎన్ని సభల్లో చెప్పింది! ఎంత గర్వంగా చెప్పింది! ఆ ఒంటరితనంతోనే ఒక నవల రాసింది. దాన్ని ఆయన అడవిలో ఆగిన బండిలో, లాంతరు వెలుగులో, ఒక్కడూ కూర్చుని చదువుకున్నాడు. చదివి ఇంటికొచ్చి ఆకుకూర తుంచాడు.

"ఆ పేజీ అక్కర్లేదు, ఫణీ," అంది చివరికి. "తెలుగులోనూ తీయించేస్తాను. అది అబద్ధం."

"తియ్యకు," అన్నాడు మోహనకృష్ణ. "నీకు అబద్ధమేమో. కామాక్షికి నిజమే కదా. ఆ పేజీ లేకపోతే ఆ పిల్ల ఇల్లెందుకు వదిలిందో సదివినోళ్ళకి తెలీదు. నాను వదిలెయ్యడమే తప్పు."

ఇన్నేళ్ళుగా తన నవలల మీద వచ్చిన విమర్శల్లో ఇంత సూటి మాట ఊర్మిళ వినలేదు. తలవంచుకుని తెలుగు పుస్తకం తెరిచింది.

"రాసుకో. నేను చదువుతాను."

ఫణిశ్రీ బడి సంచీలోంచి కలం తీసింది. ఊర్మిళ చదివింది. కామాక్షి కాగితాలు మడవడం, పెట్టె అడుగున పాత చీర పరవడం, చేయి మూత మీద ఆనించి నిలబడటం. సభల్లో ఎన్నోసార్లు చదివిన పేజీ. ఎప్పుడూ గొంతు వణకలేదు.

"'ఈ ఇంట్లో నా వంట తిన్నవాడున్నాడు. నా చీర రంగు గమనించినవాడున్నాడు...'"

అక్కడ ఆగిపోయింది. కళ్ళు అద్దాల వెనక నిండిపోయి అక్షరాలు కలిసిపోయాయి. ఫణిశ్రీ కలం కాగితం మీద ఆగి ఎదురుచూస్తోంది.

"'నా వాక్యం దగ్గర నిలబడినవాడే లేడు,'" అన్నాడు మోహనకృష్ణ.

ఆయన చేతిలో పుస్తకం లేదు. గూడ్సు బండిలా ఆగలేదు కూడా. ఒక్క అక్షరం తడబడకుండా, తరువాతి వాక్యమూ, ఆ తరువాతిదీ, పేజీ చివరి దాకా చెప్పుకుపోయాడు. ఫణిశ్రీ రాస్తూనే ఉంది. కాగితం మీద పడిన చుక్కను మణికట్టుతో తుడిచింది.

ఆయన ముగించాక ఊర్మిళ భోపాల్ పబ్లిషరు పంపిన అంగీకార పత్రం తీసుకుంది. చేతికి అందింది ఎర్ర కలమే. మొన విదిలించి దానితోనే సంతకం చేసింది. తర్వాత ఫోను వెల్లకిలా తిప్పి దగ్గరకు తెచ్చుకుంది.

"శివాజీగారూ, భిలాయి ప్రశ్నకు నేను పొద్దున చెప్పిన జవాబు తీసేయండి. దాని బదులు ఇది వేయండి. నవల హిందీలో వస్తుంది. మా అమ్మాయి అనువదించింది. నా మొదటి పాఠకుడు చదివి వినిపించాడు. ఆయన ఉన్నాడన్న సంగతి ఆలస్యంగా తెలుసుకున్నందుకు, మీ పిల్లలను గుమ్మం బయట నిలబెట్టినందుకు, క్షమించమని అడుగుతున్నాను."

ఫోను బల్ల మీద పెట్టింది. టీ చల్లారిపోయింది. మోహనకృష్ణ గ్లాసు అటూ ఇటూ జరిపాడు. ఏదో అనబోయి మానుకున్నాడు. మళ్ళీ ధైర్యం చేశాడు.

"బాగుంది," అన్నాడు.

పాత ప్రశ్న ఊర్మిళ నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె ఆయన ముఖం చూసింది. ఏమీ అడగలేదు.