లెక్కల మాస్టారి గొంతు

“మీ గొంతు కావాలి మాస్టారూ,” అంది ఆవిడ.

“ఎందుకు, కొయ్యడానికా?” అన్నాను.

స్టాఫ్ రూమ్‌లో అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు నా లెక్కల పాఠాన్ని కథగా అల్లుతున్నారట. బొమ్మలు వాళ్ళే గీసి, మాటలు వాళ్ళే రాసి, గొంతులు రికార్డు చేసి, అన్నీ కంప్యూటర్లో కలిపి చిన్న సినిమా చేస్తారట. దాన్ని డిజిటల్ స్టోరీ అంటారట.

“లెక్కల్లో కథలేంటండీ? హోంవర్క్ ఏదని అడిగితే రోజూ చెబుతున్నారుగా, అవి చాలవా?”

“అవి వాళ్ళు తప్పించుకోడానికి చెప్పేవి. ఇవి నేర్చుకోడానికి,” అని చక్కా పోయింది.

ఆవిడ కొత్తగా వచ్చిన కంప్యూటర్ టీచర్. పిల్లలు అప్పుడే కథల టీచర్ అని పేరు పెట్టేశారు. నేనూ పాతకాపునేం కాదు. ఏడాది చూసి, నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ ఏడాది ఈ నెలతో సరి. ఇలాంటి సమయంలో ఒక మనిషి నా క్లాసులో వెనక బెంచీలో చేరి, నేను బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఫోన్ పైకెత్తితే ఏమనుకోవాలి? మీరే చెప్పండి! పైగా ఆ కళ్ళొకటి. అటు చూశానంటే భాగహారంలో శేషం రాయడం మరిచిపోతున్నాను. అది కూడా ఆవిడ పన్నాగమేనేమోనని నా అనుమానం.

ఇంట్లో అమ్మకి చెబితే ఇంకాస్త ఆజ్యం పోసింది.

“నీ పాఠాలన్నీ ఫోన్లో పట్టేసుకుంటే ఇక నీతో పనేముందిరా? ఆ ఫోనే చెబుతుంది. దానికి జీతం కూడా అక్కర్లేదు.”

“అలాంటి మనిషిలా లేదమ్మా.”

“మరి ఎలాంటి మనిషిలా ఉందేం?” గరిటె ఆపి నా మొహంలోకి చూసింది. నేను గబగబా మంచినీళ్ళు తాగాను.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ గది ముందు నుంచి వెళుతుంటే లోపల కథల టీచర్ మాటలు వినిపించాయి. తలుపు ఓరగా తీసి ఉంది. చాటుగా వినకూడదని నాకూ తెలుసు. అయినా విన్నాను.

“లెక్కల మాస్టార్ని శుక్రవారం తీసేద్దాం మేడమ్. ముందే చెప్పామంటే గొడవ చేస్తారు. అసలే అనుమానం మనిషి.”

“సరే, తీసెయ్యమ్మా,” అంది పెద్దావిడ, కూరలో ఉప్పు సరిపోయిందన్నంత తేలిగ్గా.

ఉద్యోగం పోతుందన్న భయం కంటే, ఆ మాట ఆవిడ నోట్లోంచి వచ్చిందన్న బాధే ఎక్కువైంది. నాకు ఆవిడంటే ఇష్టమని అప్పుడు తెలిసింది. తెలియడానికి ఇంకో సమయమే దొరకలేదు కాబోలు!

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

“శుక్రవారం దాకా ఎందుకు మేడమ్? ఇప్పుడే పోతాను. ముందు నవ్వుతూ వెనక గోతులు తవ్వేవాళ్ళ మధ్య నేను పని చెయ్యలేను.”

పెద్దావిడ తెల్లబోయింది. “ఎక్కడికి పోతారు? ఎవరు పొమ్మన్నారు?”

“ఇప్పుడేగా నన్ను తీసేద్దామన్నారు!”

పెద్దావిడ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. “వీడియో నాయనా, వీడియో! సినిమా చివర్లో వెయ్యడానికి పిల్లలందరివీ తీసేశారు, మీదొక్కటే మిగిలింది. చెప్పి తీస్తే బిగుసుకుపోతారని ఆ అమ్మాయి బాధ. మిమ్మల్ని పర్మనెంట్ చేస్తూ నిన్ననే సంతకం కూడా పెట్టాను కదయ్యా!”

ఉద్యోగం నిలబడింది. కానీ కథల టీచర్ కళ్ళు ఎర్రబడ్డాయి.

“నేను గోతులు తవ్వుతున్నానా? మీరు పాఠం చెబుతుంటే ముచ్చటేసి వచ్చి కూర్చున్నాను. అంతే. మీ గొంతు లేకపోయినా మా కథ నడుస్తుందిలెండి.”

ఆ తర్వాత ఆవిడ నావైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. అన్నం సయించలేదు.

శుక్రవారం ఉండబట్టలేక కంప్యూటర్ గదికి వెళ్ళాను. బయట జోరున వాన. చప్పుడు రికార్డవుతుందని పిల్లలు కిటికీలు మూస్తున్నారు. తెర మీద ‘ఒకటి’ బొమ్మ ఉంది. సన్నగా, నిటారుగా, కళ్ళజోడు పెట్టుకుని. ఎవర్ని చూసి గీశారో అడగనక్కర్లేదు.

వాళ్ళ కథలో సున్నాతో గుణిస్తే ఎవరైనా మాయమే. అందుకని అంకెలన్నీ దాన్ని చూడగానే తలుపులేసుకుంటాయి. అందరికన్నా అనుమానం ఒకటికే. సున్నాకి టీచర్ మాట్లాడుతోంది. ఒకటికి మాత్రం ఎవరి గొంతూ నప్పలేదట.

“నేను చెబుతాను,” అన్నాను.

ఆవిడ మైకు నా వైపు జరిపింది. పిల్లలు రాసిన కాగితం చూసి చదివాను.

“సున్నా! నన్ను మింగేస్తావనుకున్నాను. తప్పు నాదే. నా పక్కన నిలబడతావా?”

కాగితం అక్కడితో అయిపోయింది. నేను ఆగలేదు.

“నిన్ను అంత మాటన్నాక నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వంటే నాకు చాలా ఇష్టం.”

“సార్, అది స్క్రిప్టులో లేదు!” అరిచారు పిల్లలు.

“ష్!” అని ఆవిడ మైకు మీదికి వంగింది. “ఏ పక్కన? ఎడమ పక్కన నిలబెడితే నాకు విలువుండదు, తెలుసుగా?”

“కుడి పక్కన. ఎప్పటికీ.”

పిల్లల చప్పట్లకి ఆ టేకు పాడైపోయింది. మళ్ళీ చెప్పమంది. చెప్పాను. వాన చప్పుడు పడింది, ఇంకోసారి అంది. వాన ఎప్పుడో వెలిసింది. అయినా చెప్పాను.

సినిమా పూర్తయ్యాక అమ్మకి చూపించాను. ఆఖరి ముక్క వెనక్కి జరిపించి మరీ చూసింది.

“ఆ సున్నా గొంతు కంప్యూటర్ పిల్లదేనా?”

“అవునమ్మా.”

“ఏదో ఉంది.”

“నీకు ప్రతిదీ అనుమానమే.”

“ఇది అనుమానం కాదురా, ఖాయం,” అంటూ లేచింది అమ్మ. “ఆదివారం వాళ్ళింటికి వెళుతున్నాం. మంచి చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి పెట్టుకో.”