చంద్రనౌక మీద సొట్ట

"మా నాన్న దొంగ కాదని తేల్చండి. ఆయనకి ఎక్కువ రోజుల్లేవు," అంటూ వచ్చినావిడ రెండు పాత రేకు రాకెట్లు తీసి డిటెక్టివ్ బల్ల మీద పెట్టింది.

పాత అంతరిక్ష బొమ్మల ప్రదర్శన ఒకటి జరగబోతోంది. 'చంద్రనౌక' అనే ఈ రాకెట్‌ను బొమ్మల కంపెనీ రూపొందించిందనీ, ఆవిడ తండ్రి దాన్ని కాపీ కొట్టాడనీ అక్కడ బోర్డు రాశారు. అందరూ 'రేకుల మాస్టారు' అని పిలిచే ఆ ముసలాయన అది విన్నాక అన్నం ముట్టడం మానేశాడు.

"రెండూ కంపెనీవేనా?" అంటూ డిటెక్టివ్ వాటి పొట్ట మీద బొటనవేలు నడిపించాడు. ముద్రించిన నక్షత్రం దగ్గర ఆగాడు. "రెండింటికీ ఒకేచోట సొట్ట. అంటే అచ్చులోనే ఉంది. ఎవరో పడేసిన నమూనా మీదే అచ్చు తీశారు. సరిచేసే ఓపిక లేక నక్షత్రం వేసి కప్పేశారు."

ఆవిడ మొహం పాలిపోయింది. "పడేసింది నేనేనండీ. నాన్న చేసిన మొదటి నౌక మెట్ల మీంచి జారింది. కొడతాడని అమ్మకి కూడా చెప్పలేదు. ఆ సాయంత్రమే అది మాయమైంది. మామయ్య ఆ కంపెనీలో పనిచేసేవాడు. అమ్మే దాన్ని ఆయనకి అందించిందని నాన్న ఆమెను పంపేశాడు. పుట్టింట్లోనే పోయింది."

డిటెక్టివ్ పక్కనున్న సహాయకుడు లోలోపల ఎగిరి గంతేశాడు. తన గురువు బొటనవేలికున్న తెలివి చాలామంది తలకాయలకి లేదని అతని గట్టి నమ్మకం. గురువు మాత్రం నవ్వలేదు.

మర్నాడు మాస్టారి మంచం చుట్టూ కూతురు, అప్పట్లో ఆ ఇంట్లోనే ఉండే మాస్టారి తమ్ముడు, ప్రదర్శన నిర్వాహకుడు చేరారు. డిటెక్టివ్ తమ్ముడి వైపు తిరిగాడు.

"బొమ్మ పోయిన రోజు మీరెక్కడున్నారు?"

"ఊళ్ళోనే లేనండీ. వారం తర్వాత వచ్చా. ఆ బొమ్మని కళ్ళతో కూడా చూళ్ళేదు."

డిటెక్టివ్ కంపెనీ రాకెట్ అందించాడు. "ఇక్కడ నక్షత్రం ఎందుకేశారంటారు?"

"సొట్ట కనపడకుండా. పాప మెట్ల మీద పడేసింది కదా..." తమ్ముడి నోరు అక్కడే ఆగిపోయింది.

"ఆ సంగతి ఈవిడ నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. పడేసినప్పుడు ఇంట్లో ఉండి చూసినవాళ్ళకే తెలుస్తుంది. మీరు చూశారు, ఆ సాయంత్రమే బొమ్మని కంపెనీకి పట్టుకెళ్ళారు."

తమ్ముడు రాకెట్‌ని మంచం మీద పెట్టేశాడు. "అన్నయ్యకి అక్కడ ఉద్యోగం ఇప్పిద్దామని చూపించా. వాళ్ళు తిరిగివ్వలేదు. వదిన మీద నింద పడ్డాక నాకు నోరు పెగల్లేదు."

"బోర్డు మార్చేస్తాం మాస్టారూ! మీ పేరే రాస్తాం," అన్నాడు నిర్వాహకుడు.

"విన్నావా నాన్నా? నౌక నీదే!"

ముసలాయన దాని వంక చూడనైనా లేదు. ఆ మొహంలో సంతోషం కోసం వెతికిన సహాయకుడికి గుండె తరుక్కుపోయింది. ఈ ఒక్క కేసూ గురువు ఓడిపోయుంటే బాగుండేదనిపించింది.

"తనకి తెలీదని మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది," అన్నాడు మాస్టారు. "నేను విదిలించుకున్నాను. ఇప్పుడు ఎవరి చెయ్యి పట్టుకోనమ్మా?"