ఒంటిగంట బెంచీ

మొదటి రోజే గొడవ. రెండు ఆఫీసు టవర్ల మధ్య ఆవరణలో ఉన్న రాతి బెంచీ మీద నేను కూర్చోబోతుంటే, ఒకమ్మాయి తన లంచ్ బాక్స్ తెచ్చి అక్కడ పెట్టేసింది.

"ఇది నేను రోజూ కూర్చునే చోటండీ," అన్నాను.

"మీ పేరేమైనా రాసుందా?" అంది మూత తీస్తూ. "అటు జరగండి. ఇద్దరికీ సరిపోతుంది."

సరిపోయింది. పొద్దుటి నుంచి అద్దాల వెనక నోరు మెదపని వాళ్ళంతా ఒంటిగంటకి ఆ ఆవరణలోకి వచ్చి పడతారు. మేనేజర్లని తిట్టుకోవడం, జోకులు, అలకలు అన్నీ అక్కడే. కాఫీ బండి అక్కకి తెలియని ప్రేమ ఆ రెండు టవర్లలో లేదు.

నేను తూర్పు టవర్లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పదిహేడో అంతస్తు కాబట్టి ఆమెకి నేను 'పదిహేడు'. ఆమె పడమటి టవర్లో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసేది. నా కిటికీ సరిగ్గా బెంచీకి పైన. ఆమె ముందొస్తే తలెత్తి చెంచా ఊపేది, నేను లిఫ్ట్ వైపు పరుగెత్తేవాణ్ణి.

ఓ రోజు ఆమె ఆఫీసు మెయిల్ నుంచి నాకు మీటింగ్ పిలుపు వచ్చింది. విషయం: బెంచీ. ప్రతిరోజూ ఒంటిగంటకి.

"మీటింగ్ ఉందంటే మా బాసు కూడా ఆపడు," అంది నవ్వుతూ.

మూడో నెలకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఓ బుధవారం వాన పడుతుంటే ఇద్దరం కాఫీ బండి గొడుగు కింద ఇరుక్కుని నిలబడ్డాం. అడిగేశాను.

"పెళ్ళి చేసుకుందామా?"

ఆమె తాపీగా కాఫీ ఊదుకుంది. "నీ క్లెయిమ్ పరిశీలనలో ఉంది. శుక్రవారం చెబుతా."

"కనీసం ఫోన్ నంబరైనా ఇవ్వు."

"అదీ శుక్రవారమే. నంబరిచ్చానంటే అవునన్నట్టే."

గురువారం సాయంత్రం మెయిల్ వచ్చింది. బెంచీ మీటింగ్ రద్దు. ఇక ముందు అన్ని రోజులూ రద్దు. కారణం లేదు, ఒక్క మాట లేదు.

ముఖం మీద కాదనలేక ఇలా చెప్పిందనుకున్నాను. రోషం ముంచుకొచ్చింది. శుక్రవారం ఒంటిగంటకి కిందికి చూడకుండా కిటికీ బ్లైండ్ దించేసి, పై అంతస్తు క్యాంటీన్‌లో తిన్నాను. ఆ తర్వాత రెండు నెలలు సెల్లార్ దారినే వచ్చాను, వెళ్ళాను.

మొన్న ఫైర్ డ్రిల్ అంటూ గంట మోగించి అందర్నీ ఆవరణలోకి దింపారు. కాఫీ అక్క నన్ను చూసి గబగబా వచ్చింది.

"ఎక్కడికి పోయావయ్యా ఇన్నాళ్ళూ?" అని ఓ పేపర్ కప్పు చేతిలో పెట్టింది. దాని మీద ఫోన్ నంబరు. "ఆ గురువారం వాళ్ళాఫీసులో నలభై మందిని ఒక్కపూటలో తీసేశారు. కార్డులు తీసుకున్నారు, కంప్యూటర్లు మూసేశారు. అయినా ఆ పిల్ల శుక్రవారం చక్కగా తయారై వచ్చింది. నాలుగింటి దాకా కూర్చుంది. పోతూ పోతూ ఇది నీకిమ్మంది."

ఉద్యోగి ఖాతా మూసేస్తే, ఆ మనిషి పెట్టిన మీటింగులన్నీ వాటంతట అవే రద్దయిపోతాయి. రోజూ అలాంటివి పరీక్షించే నాకే అది తట్టలేదు.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"నేను రద్దు చెయ్యలేదు," అంది ఆమె.

"ఇప్పుడే తెలిసింది."

"ఆ శుక్రవారం ఒంటిగంటకి నీ కిటికీ వైపే చూస్తున్నాను. బ్లైండ్ దిగింది. ఉద్యోగం పోయిన పిల్ల మనకెందుకులే అనుకున్నావేమో అనిపించింది. అయినా మనసొప్పక నంబర్ రాసిచ్చాను. నెల దాటేదాకా ఎదురుచూశాను."

"అంటే నీ జవాబు..."

"నంబరిచ్చాను కదా."

"ఎక్కడున్నావో చెప్పు. ఇప్పుడే బయల్దేరతాను."

"పోయిన వారం ఒక సంబంధానికి ఒప్పుకున్నాను. మంచివాడు. ఏ అనుమానమొచ్చినా ఎదురుగా వచ్చి అడుగుతాడు. మీరు కూడా బాగుండాలండీ."

ఆ 'మీరు' విన్నాక ఫోన్ పెట్టేశాను.

పైకి వెళ్ళి బ్లైండ్ ఎత్తాను. కింద మా బెంచీ మీద ఎవరో ఇద్దరు ఒకే బాక్స్‌లో తింటున్నారు. ఏడుపాగలేదు. ఆ రోజు నుంచి బ్లైండ్ మళ్ళీ దించలేదు. ఎండ స్క్రీన్ మీద పడుతోందని పక్క సీటువాడు గొణుగుతుంటాడు. గొణగనీ.