ఆమె పొట్టలో సరుకు

ఫోన్ మోగేసరికి ఏజెంట్ రామాంజి బెంగళూరు కుందలహళ్ళి గేటు దగ్గర ఆటోలో కూర్చుని, ముందున్న సిటీబస్సు వెనక అంటించిన ప్రకటన చదువుతున్నాడు. చదివిందే చదువుతున్నాడు. బస్సు కదిలితే గదా కొత్తది చదవడానికి.

"జెడ్ సెవెన్ హియర్," అన్నాడు గొంతు తగ్గించి.

"మిషన్ బ్రీఫింగ్. లైన్ సెక్యూరేనా?" హైదరాబాదు నుంచి చీఫ్ చంద్రశేఖర్.

రామాంజి డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు హ్యాండిల్ మీద తల పెట్టి గురక పెడుతున్నాడు.

"సెక్యూరే సార్. చెప్పండి."

"రాత్రి ఒక మాస్టర్ కాపీ పోయింది. అగ్గిపెట్టెంత డ్రైవ్. విదేశీ ముఠా పని. కోడ్ నేమ్, నల్లకొంగ."

రామాంజి వెన్ను నిటారైంది. నల్లకొంగ ముఠా అంటే మాటలా. సముద్రంలో ఉప్పు దొంగిలించి మళ్ళీ ఆ సముద్రానికే కిలోల లెక్కన అమ్మగల ఘనులని వాళ్ళకు పేరు. ఇన్నాళ్ళకు తన స్థాయికి తగిన పని తగిలింది.

"మిసైల్ డిజైనా సార్?"

"తాబేలు."

"అదేం సబ్‌మెరైన్ సార్, పేరే ఇనలేదు."

"సబ్‌మెరైన్ కాదయ్యా. తాబేలు. నాలుగు కాళ్ళు, పైన డిప్ప. సినిమా."

రామాంజి వెన్ను మళ్ళీ వంగిపోయింది. మీసానికి జిగురు, జేబులో పొగపెన్ను, మణికట్టుకు లోహాన్ని పసిగట్టే గడియారం, ఇంత సరంజామా ఒంటి మీద వేసుకుని వచ్చింది తాబేలు కోసమా?

ఆ తాబేలు సంగతి ఏమంటే, ముప్పై ఏళ్ళ కిందట 'తాబేలు దొర' అని చేత్తో గీసిన బొమ్మల సినిమా ఒకటి వచ్చింది. ఒక తరం పిల్లలు అది పెడితే తప్ప నోట్లో ముద్ద పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ఆ పిల్లలిప్పుడు జీతాలు తెచ్చుకుంటున్నారు, వాళ్ళకూ పిల్లలు పుట్టారు. ఒక్క సినిమాకు ఇంటికి నాలుగు టికెట్లు తెగుతాయని కుందలహళ్ళిలో ఒక స్టూడియో దాన్నే మళ్ళీ తీసింది. కొత్త కథ అయితే అదేమిటో జనానికి చెప్పుకోవాలి. పాత కథకు ఆ ఖర్చు లేదు. ఈసారి బొమ్మ కాదు, కంప్యూటరులో అచ్చం ప్రాణమున్న తాబేలు. పాతదానికి ఉన్నదల్లా నాలుగు గీతలు, ఒక నవ్వు. కొత్తదానికి డిప్ప మీద పాచిని పోగుపోగునా అతికించారు, నవ్వు మాత్రం తీసేశారు. నిజం తాబేళ్ళు నవ్వవని కమిటీలో తీర్మానమైందట. ఇక ప్రచారం చూడాలి: పోస్టరు రాబోతోందని ఒక పోస్టరు, టీజరు వస్తోందని ఒక టీజరు, బిస్కెట్ల పొట్లం మీద తాబేలు, స్కూలు సంచి మీద తాబేలు, కడకు దోమలబత్తి డబ్బా మీద కూడా తాబేలు, దాని కింద 'మీ బాల్యం తిరిగొస్తోంది' అని అక్షరాలు.

"ఆ కాపీ దేశం దాటితే," అన్నాడు చీఫ్, "నల్లకొంగ వాళ్ళు పేరు మార్చి మనకంటే ముందే ప్రపంచమంతా వదులుతారు. స్టూడియో ఫినిష్. మధ్యాహ్నం ట్రైలర్ లాంచ్ ఉంది. అది ముగిసేలోగా డ్రైవ్ దొరక్కపోతే భారతి అనే యానిమేటర్‌ను పోలీసులకు అప్పజెబుతారు. డ్రైవ్ దాచిన వాల్ట్ తెరిచింది ఆమె కార్డుతోనే."

"కార్డు ఎవరైనా కొట్టేసి ఉండొచ్చు గదా సార్. ఆయమ్మే అని గ్యారంటీ ఏముండాది?"

"ఇంటర్‌సెప్ట్ ఉంది. వాల్ట్ టెక్నీషియన్ నాగరాజ్ పారిపోయే ముందు ఎవరికో మెసేజ్ పెట్టాడు. ఎవరికో తెలియదు." చీఫ్ గొంతు గుసగుసలోకి దించి ఉన్నది ఉన్నట్టు చదివాడు. "సరుకు ఆమె పొట్టలో ఉండాది. లాంచ్ అయినాక తీసుకోండి."

"మింగేసిందా సార్?"

"మింగేసింది."

"అగ్గిపెట్టెంతది ఎట్ల మింగుతారు సార్?"

"కొంగలు చేపల్ని ఎట్లా మింగుతాయి? ట్రెయినింగ్. విను, ఇది క్లాసిఫైడ్. ఆ మెసేజ్ చీమకు కూడా చదివి వినిపించకు. ఓవర్."

బస్సు ఒక జానెడు కదిలింది. రామాంజి ఆటో దిగి నడిచిపోయాడు.

ఏసీ మెకానిక్ వేషంలో స్టూడియో గేటు దాటాడు. లోపల తనకోసం ఎదురుచూసే మనిషిని సంకేతవాక్యంతో గుర్తుపట్టాలి. 'సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ ఎట్లుంది?' అని అడగాలి. 'అస్సలు కదలడం లేదు' అని జవాబు రావాలి. ఈ సంకేతం తయారుచేసిన మహానుభావుడు జన్మలో బెంగళూరు మొహం చూసి ఉండడు. వాచ్‌మన్ అదే జవాబు చెప్పాడు. లిఫ్టు దగ్గర నిలబడ్డ పిల్లా అదే చెప్పింది. క్యాంటీనులో ఇడ్లీ తింటున్నాయన అడక్కుండానే చెప్పాడు. ముగ్గురినీ పక్కకు తీసుకుపోయి "ప్యాకేజ్ ఎక్కడ?" అని అడిగితే ముగ్గురూ తలో ఏసీ దగ్గరికి తీసుకుపోయి చూపించారు.

నాలుగో మనిషి రాకముందే అత్తరు వాసన వచ్చింది. నెమలికంఠం రంగు చీర, గదిలో కూడా తీయని నల్లకళ్ళద్దాలు. మార్కెటింగ్ హెడ్ శ్వేత. విశాఖపట్నంలో పుట్టి, ముంబైలో పెరిగి, ఈ ఏడాదే ఇక్కడ ఉద్యోగంలో చేరింది.

"అస్సలు కదలడం లేదు, ఏజెంట్ గారూ," అంది నవ్వుతూ. "మీరు అడగక్కర్లేదు. మీ మీసం ఒక పక్క ఊడింది."

ఇద్దరూ ఆడిటోరియం మీదుగా నడిచారు. వేదిక మీద కారంత ఫైబర్ తాబేలు నిలబడి ఉంది. పీణ్యలో ఒక షెడ్డులో చేయించారట. బ్యాటరీతో నడుస్తుంది, రిమోట్ నొక్కితే మెడ తిప్పుతుంది. లాంచ్ కాగానే విమానమెక్కి దేశదేశాల మాల్సులో ప్రచారానికి తిరుగుతుంది. దాని ముందు స్టూడియో యజమాని ఓబళప్ప చెమట తుడుచుకుంటున్నాడు. హిందూపురంలో చింతపండు వ్యాపారం చేసి సినిమాల్లోకి దిగిన మనిషి.

"మీరేనా ఆ ఏజెంటు? నా కొంప మీ చేతిలో ఉండాదప్పా," అన్నాడు రామాంజి చేతులు పట్టుకుని. తర్వాత అతని టూల్‌బాక్సు వంక చూశాడు. "ఎట్లాగూ వచ్చినారు, ఆ పైన ఏసీ కూడా ఒకసారి చూడండి. ఉబ్బరంగా ఉండాది."

మీటింగ్ రూమ్ తలుపు దగ్గర శ్వేత ఆగింది. "జాగ్రత్త. ఆ అమ్మాయి అంతా పొట్టలో దాచుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. అరటిపళ్ళు పెట్టించాను. బాగా తినిపించండి. అన్నీ అవే బయటపడతాయి."

నిజాలు బయటపడతాయంటోంది కాబోలు అనుకున్నాడు రామాంజి.

లోపల భారతి కూర్చుని ఉంది. ముందు అరటిగెలలో సగం, పక్కన మీటింగుల ఫోను. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. బెంగళూరు పక్కనే చందాపురలో పుట్టి పెరిగిన పిల్ల. రెండేళ్ళుగా ఆమె చేసిన పని ఒక్కటే, ఆ తాబేలుకు కళ్ళు.

"నేనేమీ తీసుకోలేదు సార్. కార్డు రెండు దినాల కింద పోయింది. కంప్లెయింట్ కూడా ఇచ్చినాను. ఈ అరటిపండ్లు ఎందుకు సార్? పొద్దున్నించి తిను తిను అని ప్రాణం తీస్తా ఉండారు."

రామాంజి గడియారాన్ని ఆమెకు దూరం నుంచే చూపించాడు. బీప్ అంది. గాజులు. గాజులు తీయించాడు. మళ్ళీ బీప్ అంది. తన బెల్టు బకిల్. బెల్టు తీసి పక్కన పెట్టాడు. ఇంకోసారి బీప్ అంది. కుర్చీకి ఇనుపకాళ్ళు. ఇంతలో తలుపు తెరుచుకుని ఎవరో తల లోపల పెట్టారు.

"అప్పా, మూడో ఫ్లోర్‌లో ఏసీ నీళ్ళు కారతాంది."

"కారనీప్పా," అన్నాడు రామాంజి పళ్ళు బిగించి.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. చీఫ్ అన్నీ విని, "ఆముదం తాగించు," అన్నాడు.

"సార్, ఆడబిడ్డ సార్."

"డ్రైవ్ దొరక్కపోతే ఆముదం నువ్వు తాగుతావు."

ఆడిటోరియంలో డప్పులు మొదలయ్యాయి. జనం వచ్చేశారు. గేటు దగ్గర పోలీసు జీపు ఆగడం కిటికీలోంచి కనబడింది. భారతి కూడా చూసింది. అరటితొక్కలను ఒకదాని మీద ఒకటి సర్దుతూ కూర్చుంది. రెండేళ్ళు ఒక జంతువు కళ్ళలోకి చూస్తూ బతికిన పిల్ల దొంగచూపులు చూడలేదని రామాంజికి అనిపించింది. అనిపిస్తే ఏం లాభం, రిపోర్టులో ఆ మాటకు గడి ఉండదు. కడుపు రగిలిపోయింది. చీఫ్ మీద, ఊడిన మీసం మీద, ఈ ఊరి ఏసీలన్నిటి మీద. క్లాసిఫైడూ లేదు, గాడిదగుడ్డూ లేదనుకున్నాడు.

"చూడమ్మా, నాకు తెలిసింది ఇదొక్కటే. నాగరాజ్ ఈ మెసేజ్ పెట్టినాడు. సరుకు ఆమె పొట్టలో ఉండాది. లాంచ్ అయినాక తీసుకోండి. ఇప్పుడు చెప్పు, నువ్వు మింగితివా లేదా?"

భారతి అతని వంక చూసింది. అరటిపళ్ళ వంక చూసింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఆగలేదు.

"దీనికా సార్ నాకు ఇన్ని పండ్లు పెట్టింది? నాగరాజ్‌ది మా ఊరే. మా ఇండ్లలో ఆమె అంటే తాబేలు."

"తాబేలా?"

"కన్నడ మాట సార్. తెలుగే మాట్లాడతాము, కానీ దాన్ని మాత్రం ఆమె అనే అంటాము. తాబేలు అని ఒక మాట ఉండాదని ఈ సినిమాకు పనిచేసినాకనే నాకు తెలిసింది."

"మరి ఆడమనిషిని ఏమంటారు?"

"ఆయమ్మ అంటాము. మీరు అనరా?"

రామాంజి కుర్చీలో కూలబడ్డాడు. అతనిది ప్రొద్దుటూరు. వాళ్ళ అవ్వ నుంచి అతని పెళ్ళాం దాకా ఇంటిల్లిపాదీ ఆయమ్మే అంటారు. 'ఉండాది' అని రాసే చెయ్యి 'ఆమె' అని ఎందుకు రాస్తుంది? పుస్తకాల తెలుగు చదువుకున్న చీఫ్‌కు తట్టలేదు సరే, తన చెవులకు ఏం తెగులు పట్టింది?

అప్పుడు రెండో పిడుగు పడింది. ఇప్పటిదాకా ఆ మెసేజ్ చీమకు కూడా చెప్పలేదు. మరి శ్వేత 'పొట్టలో దాచుకుని' అని ఎట్లా అంది? అరటిపళ్ళు ఎందుకు తినిపించింది? ఆ మెసేజ్ వెళ్ళింది శ్వేత ఫోనుకే. విశాఖపట్నం మనిషికి ఆమె అంటే ఆమే. దొంగ కూడా పొద్దుటినుంచీ తనలాగే తప్పు పొట్ట కాడ కాపలా కాసిందన్నమాట.

బల్ల మీద మీటింగుల ఫోనుకు పచ్చలైటు వెలుగుతోంది. అవతల ఎవరో విని, టక్కున పెట్టేశారు.

ఇద్దరూ ఆడిటోరియంలోకి పరుగెత్తేసరికి ఓబళప్ప మైకు పట్టుకుని తన బాల్యం గురించి చెబుతున్నాడు. అతని వెనక తాబేలు మెల్లగా వేదిక దిగిపోతోంది. జనం ఈలలు వేస్తున్నారు. పక్క తెర చాటున శ్వేత, చేతిలో రిమోట్. పొట్ట కింది మూతకు బోల్టులు బిగించి ఉన్నాయి, విప్పే తీరిక లేదు. అందుకని మొత్తం తాబేలునే నడిపించుకుపోతోంది. వెనక గేటు దగ్గర ఒక వ్యాను, వ్యానుకు వాలుచెక్క, లోపల తెల్లగడ్డం విదేశీయుడు. సినిమా విమర్శకుడినని చెప్పుకు వచ్చిన ఆ పెద్దమనిషే నల్లకొంగ నాయకుడు క్రాగ్.

తాబేలును పట్టుకోవడం ఎంతసేపు అనుకుంటారు ఎవరైనా. ముందు వాచ్‌మన్ ఆపాడు.

"పాస్ యాడప్పా?"

"నేను ఏజెంటును."

"ఏ ఏజెంటైనా పాస్ ఉండాల. ఏసీ మెకానిక్‌లకు వెనక డోరు."

వాణ్ణి తప్పించుకుంటే పిల్లల గుంపు. తాబేలుతో ఫోటో కోసం వాళ్ళంతా అడ్డం. పొగపెన్ను తీసి నొక్కాడు. పొగ రాలేదు, చొక్కా నిండా సిరా కారింది. తాబేలు మాత్రం తన నడక తాను నడుస్తూ, ఎవరికీ పాస్ చూపించకుండా, శిక్షణ పొందిన ఒక గూఢచారిని నింపాదిగా ఓడించి గేటు దాటింది.

వాలుచెక్క మీదికి దాని ముందుకాళ్ళు ఎక్కాయి. క్రాగ్ దిగివచ్చి ఒక పక్కన చెయ్యి వేసి పైకి నెడుతున్నాడు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. శ్వేత లిప్‌స్టిక్ తీసి రామాంజి వైపు గురిపెట్టింది. అది నొక్కితే మత్తుమందు చిమ్ముతుంది. రామాంజి చటుక్కున వంగాడు. తన వెనకే పరుగెత్తుకొచ్చిన వాచ్‌మన్ మొహాన ఆ మందు పడి, అతను అక్కడే చేరగిలబడి నిద్రపోయాడు.

"సార్, లాగొద్దండి," అని అరిచింది భారతి, "ఈ పక్కనించి ఎత్తండి. వెల్లకిలా పడితే అది లేవలేదు."

ఇద్దరూ డిప్ప అంచు పట్టారు. భుజాలు ఊడిపోతాయేమో అనిపించింది. వెనక కాళ్ళు చెక్క మీదికి చేరబోయే చివరి క్షణాన తాబేలు ఒరిగి, ఆలోచించి, దబ్బున వెల్లకిలా పడింది. పడేటప్పుడు, క్రాగ్ పక్కకు తీసుకోలేకపోయిన పాదాన్ని కూడా తన కింద వేసుకుంది. నాలుగు కాళ్ళూ గాలిలో ఆడుతుండగా పొట్ట మూత పగిలి, అగ్గిపెట్టెంత డ్రైవ్ టప్పున రామాంజి బూటు ముందు పడింది.

జనం చప్పట్లు కొట్టారు. ఇంత బాగా చేసిన ప్రమోషన్ తాము చూడలేదని ఇద్దరు ముగ్గురు అక్కడికక్కడే ఫోన్లలో పెట్టేశారు కూడా.

పోలీసులు క్రాగ్‌ను మోసుకుపోయారు. శ్వేత చేతులకు బేడీలు పడ్డాయి. నల్లకళ్ళద్దాలు అప్పుడూ తీయలేదు.

"ఆ నాగరాజ్ తాబేలు అని రాసి చావచ్చు కదా," అంది.

"నా కడుపుమంటా అదే మేడమ్," అన్నాడు రామాంజి.

ఇన్స్పెక్టర్ భారతి దగ్గరికి వచ్చి, "సారీ మేడమ్, మీరు వెళ్ళొచ్చు," అన్నాడు. ఆమె అక్కడే చతికిలబడి, వెల్లకిలా పడ్డ తాబేలు మొహం మీద దుమ్ము కొంగుతో తుడిచింది. ఇక ఈ జన్మలో అరటిపండు ముట్టనని మాత్రం చెప్పింది.

ఓబళప్ప ఊపిరి ఎగపోసుకుంటూ వచ్చాడు. డ్రైవ్‌ను రెండు చేతులా కళ్ళకద్దుకున్నాడు. రామాంజిని సిరాతో సహా కౌగిలించుకున్నాడు. "నా కొంప నిలబెట్టినావప్పా, మూడువందల మంది అన్నం నిలబెట్టినావు," అని ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, అటూఇటూ చూసి, చెయ్యి పట్టుకుని వ్యాను చాటుకు తీసుకుపోయాడు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. అంతా ఆపేసినారా? ఒక్క పది సెకన్ల ముక్కన్నా బయటికి పోలేదా?"

"చుక్క కూడా పోలేదు సార్," అన్నాడు రామాంజి గర్వంగా.

ఓబళప్ప మొహం వాడిపోయింది.

"లీక్ కాని సినిమాకు జనం యాడ్నించి వస్తారప్పా? అంత గట్టిగా ఎవరు పట్టుకోమన్నారు మిమ్మల్ని?"