ఇరుగుపొరుగు సాక్ష్యం

తొమ్మిదో సర్వర్ కూడా అదే పాట పాడింది. "నా అడ్రస్ 127.0.0.1. ఈ క్లస్టర్‌కి పెద్దని నేనే."

డాక్టర్ హైమవతి తల పట్టుకుంది. కాకినాడకు తుఫాను సంగతి ముందే చెప్పే 'తీరకావలి' అంటే ఈ తొమ్మిది సర్వర్ల క్లస్టరే, అంటే గుంపే. అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టి కలిసి లెక్కగడితేనే ఏ ఇంటికి ఏ గంటకు నీళ్ళొస్తాయో తేలుతుంది. తుఫాను ఆ సాయంత్రమే తీరం దాటుతుంది. అప్పటికే మధ్యాహ్నమైంది.

చిక్కల్లా ఒక్కటే. ఏ కంప్యూటరైనా తనను తాను పిలుచుకునే ఐపీ అడ్రస్ 127.0.0.1. ఇల్లెక్కడయ్యా అంటే "మా ఇంట్లోనే" అన్నట్టు. నీ అడ్రస్ కనిపెట్టు అంటే ప్రతి సర్వరూ దాన్నే పట్టుకు కూర్చుంటోంది. ఇంకేముంది, ఎవరికి వారే యమునా తీరే. మూడుసార్లు సెట్టింగులన్నీ చెరిపి రాసిన హైమవతి, నువ్వో నేనో తేలాలని నాలుగోసారి కూర్చుంది.

అంతలో ఈ ఆఫీసుకూ ఆమె ఇంటి వీధికీ ఉత్తరాలిచ్చే పోస్ట్‌మన్ నూకరాజు రిజిస్టర్డ్ కవరుతో వచ్చాడు. సంతకం పెడుతూ ఆమె తన గోడంతా వెళ్ళబోసుకుంది.

"ఆళ్ళనే అడిగితే అలాగే సెప్తారండి," అన్నాడతను. "అడ్రస్ సరిగా లేకపోతే మేం పక్కింటోళ్ళని అడుగుతామండి. ఇద్దరు ఔనంటే ఆ ఇల్లే."

హైమవతి సంతకం సగంలో వదిలేసి కీబోర్డు అందుకుంది. ఎవరి అడ్రస్ వారు చెప్పుకుంటే చెల్లదు, పొరుగువాళ్ళిద్దరు ఔనన్నదే అడ్రస్. అంతే నియమం. అరగంటలో తొమ్మిదీ ఒక్కటయ్యాయి. ఆమెకు కళ్ళనీళ్ళొచ్చేంత సంతోషం కలిగింది.

మిగతా సంతకం కోసం ఇంకా అక్కడే ఉన్న నూకరాజు ఫోన్‌లో తీరకావలి మెసేజ్ మోగింది. "మా వీధికి ఐదింటికి నీళ్ళంటండి. మీకేమొచ్చిందండి?"

ఆమెకేమీ రాలేదు. ఉండేది కాలువ పక్కన, కింది అంతస్తులో. కంగారుగా తీరకావలిలో ఇళ్ళ జాబితా తెరిచింది. నియమం సర్వర్లకే అని ఆమె ఎక్కడా రాయలేదు కదా, తీరకావలి ఊళ్ళో ప్రతి ఇంటి గురించీ పక్కవాళ్ళకు మెసేజ్ పెట్టి అడిగింది. హైమవతి పేరు ఎదురుగా ఇలా ఉంది: "పొరుగువారు ఎరగరు. ఈ ఇంట్లో ఎవరూ లేరు."

ఆమె మనసు చివుక్కుమంది. నియమంలో ఒక్క అక్షరం కదిపినా సర్వర్లు మళ్ళీ విడిపోతాయి, ఊరు మునుగుతుంది. అది మాత్రం జరగనివ్వదు.

"పక్కింటోళ్ళకి ఫోన్ చేసి ఔననిపించండి మేడమ్ గారూ. ఎంతసేపండి?" అన్నాడు నూకరాజు.

హైమవతి ఫోన్ తీసింది. ఆమె, పక్కింటివాళ్ళు ఏడేళ్ళుగా ఒకే గోడకు అటూ ఇటూ ఉంటున్నారు. తలెత్తకుండానే అడిగింది.

"మా పక్కింటివాళ్ళ పేరేమిటి, నూకరాజూ?"